అరుదైన బండికి పత్రాలే ప్రాణం
పరిమిత సంఖ్యలో తయారైన మోటారు సైకిళ్లు చేతులు మారేటప్పుడు గమనించవలసిన అంశాలు

బాహూరు (పుదుచ్చేరి): ఎన్ని తయారు చేయాలో ముందే నిర్ణయించి, పెట్రోలు ట్యాంకుపై వరుస సంఖ్య వేసి కర్మాగారాలు విడుదల చేసే మోటారు సైకిళ్లకు దేశంలో ఒక ప్రత్యేక విపణి ఏర్పడింది. తొలి విక్రయంలో నిమిషాల్లో అమ్ముడుపోయే ఈ బండ్లు కొన్నేళ్ల తర్వాత రెండో చేతికి వచ్చేసరికి, వాటి ధరను నిర్ణయించేది ఇంజను శక్తి కాదు, మైలేజీ అంతకన్నా కాదు. ఆ బండి నిజంగా ఆ పరిమిత శ్రేణికి చెందినదేనా, దాని పత్రాలు చట్టసమ్మతంగా ఉన్నాయా అన్న రెండు ప్రశ్నలకు లభించే సమాధానమే ధరకు ఆధారం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, అరుదైనదన్న పేరుతో అదనంగా చెల్లించిన సొమ్ము నీటిపాలైనట్లే.

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాహూరు ఈ ప్రశ్నలన్నీ ఒకేచోట ఎదురయ్యే ప్రాంతం. వరి పొలాలకు, విశాలమైన చెరువుకు పేరుపొందిన ఈ ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కావడంతో ఇక్కడి వాహనాలకు 'పి.వై.' అక్షరాలతో రిజిస్ట్రేషన్ జరుగుతుంది. కొద్దిపాటి ప్రయాణం చేస్తే తమిళనాడు సరిహద్దు వస్తుంది. తూర్పున సముద్రం, దక్షిణాన నది ఉన్నాయి. పన్ను చిక్కు, ఉప్పు గాలి, వరద నీరు ఈ మూడూ పాత బండి బేరాన్ని తారుమారు చేయగలిగినవే. యానాం ద్వారా పుదుచ్చేరితో పరిపాలనా బంధం ఉన్న తెలుగువారికి సైతం ఈ సంగతులు అక్కరకు వచ్చేవే.

178 సెకన్లలో 250 బండ్లు

పరిమిత శ్రేణి బండ్లపై మోజు ఎంతటిదో 2018లో వెల్లడయింది. చెన్నై కేంద్రంగా ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఆ ఏడాది 'క్లాసిక్ 500 పెగాసస్' పేరుతో ప్రపంచవ్యాప్తంగా 1,000 బండ్లను మాత్రమే తయారుచేసి, అందులో 250 భారతదేశానికి కేటాయించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల నుంచి పారాచూట్ సాయంతో జారవిడిచిన 'ఫ్లయింగ్ ఫ్లీ' అనే చిన్న మోటారు సైకిల్ జ్ఞాపకార్థం దీనిని రూపొందించారు. జులై 25న ఆన్‌లైన్‌లో అమ్మకం ప్రారంభించగా 178 సెకన్లలో 250 బండ్లూ అమ్ముడుపోయాయి. ఒక్కొక్క దాని ఆన్‌రోడ్ ధర రెండున్నర లక్షల రూపాయలకు చేరువలో ఉండటం గమనార్హం.

మూడేళ్ల అనంతరం, 2021 డిసెంబరు 6న, అదే సంస్థ తన 120వ వార్షికోత్సవం సందర్భంగా 650 సీసీ జంట సిలిండర్ల బండ్లను ప్రత్యేక శ్రేణిగా విడుదల చేసింది. ప్రపంచం మొత్తానికి 480 తయారు కాగా, భారతదేశానికి 60 ఇంటర్‌సెప్టర్లు, 60 కాంటినెంటల్ జీటీలు దక్కాయి. ఈ 120 బండ్లూ 120 సెకన్లలోనే అమ్ముడయ్యాయి. 2019లో జావా సంస్థ 90 ఏళ్ల సందర్భంగా 90 బండ్లను విడుదల చేసి, కొనుగోలుదారులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసింది. 2025లో రాయల్ ఎన్‌ఫీల్డ్ షాట్‌గన్ 650 ప్రత్యేక శ్రేణిలో ప్రపంచం మొత్తానికి 100 తయారు కాగా, భారత్ వాటా 25 మాత్రమే.

వీటిలో అధిక భాగం 'నేకెడ్' తరహాకు చెందినవి. రేసు బండ్లకు ముందుభాగాన గాలిని చీల్చేందుకు అమర్చే ఫెయిరింగ్ అనే తొడుగు వీటికి ఉండదు. ఇంజను, చట్రం, గొట్టాలు, తీగలు అన్నీ బయటికి కనిపిస్తాయి. పాత బండి కొనేవారికి ఇది ఒక విధంగా సౌకర్యమే. చమురు కారుతున్నదా, చట్రానికి వెల్డింగ్ చేశారా, కింద పడిన గీతలున్నాయా అన్నది తొడుగు విప్పకుండానే తెలుస్తుంది. అయితే ఆ తొడుగు లేకపోవడం వల్లనే దుమ్ము, వాన, ఉప్పు గాలి సూటిగా లోహంపై పనిచేస్తాయి.

అరుదైనంత మాత్రాన విలువ పెరిగి తీరుతుందన్న నమ్మకం కూడా సరికాదు. పెగాసస్ అమ్మకం జరిగిన నెల రోజులకే, 2018 ఆగస్టు 28న, అదే సంస్థ సైనిక నేపథ్యమే ఇతివృత్తంగా 'క్లాసిక్ 350 సిగ్నల్స్' బండిని విడుదల చేసింది. హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ సదుపాయం దానికి ఉంది. అంతకంటే ఎక్కువ ధర చెల్లించిన పెగాసస్‌కు లేదు. దీనిపై కొందరు కొనుగోలుదారులు బాహాటంగానే అసంతృప్తి వ్యక్తం చేశారు. 125 సీసీ దాటిన అన్ని కొత్త బండ్లకూ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. నేడు పెగాసస్‌ను కొనేవారు అరుదుదనంతో పాటు ఈ లోపాన్ని కూడా కొంటున్నామన్న సంగతి మరువరాదు.

అసలుదా, నకిలీదా?

పరిమిత శ్రేణి బండికి, అదే నమూనా సాధారణ బండికి యాంత్రికంగా తేడా చాలా స్వల్పం. రంగు, చిహ్నాలు, ట్యాంకుపై వరుస సంఖ్య, కొన్ని అలంకరణ భాగాలు తప్ప ఇంజను, చట్రం ఒక్కటే. కనుక సాధారణ బండికి రంగు మార్చి, చిహ్నాలు అతికించి, ప్రత్యేక శ్రేణిదని అమ్మజూపడం అసాధ్యమేమీ కాదు. ట్యాంకు మీద ఉన్న అంకెను చూసి తృప్తిపడితే చాలదు.

పరిశీలన ఛాసిస్ సంఖ్యతో ప్రారంభం కావాలి. హ్యాండిల్ కింద చట్రం మెడపై చెక్కి ఉండే 17 అక్షరాంకెల ఈ సంఖ్య, ఇంజనుపై ఉండే సంఖ్య, రిజిస్ట్రేషన్ పత్రంలోని సంఖ్యలు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో నమూనా పేరు, రంగు కూడా నమోదై ఉంటాయి. పత్రంలో నలుపు అని ఉండి, ఎదుట ఉన్న బండి గోధుమ రంగులో ఉంటే అక్కడే ఆగి ఆలోచించాలి. తొలి కొనుగోలు నాటి అసలు బిల్లు, ఛాసిస్ సంఖ్య ఆధారంగా అధీకృత సర్వీసు కేంద్రంలో లభించే మరమ్మతుల చరిత్ర బండి పుట్టుకకు గట్టి సాక్ష్యాలు.

పెగాసస్ విషయంలో మరో ఆనవాలు ఉంది. విదేశాల్లో ఈ బండిని గోధుమ రంగుతో పాటు ఆలివ్ ఆకుపచ్చ రంగులోనూ విక్రయించారు. భారతదేశంలో మాత్రం గోధుమ రంగుదే అమ్మారు. రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ ఆకుపచ్చ రంగు వేయరాదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన నిషేధిస్తున్నది. కనుక ఇక్కడి రిజిస్ట్రేషన్‌తో ఆకుపచ్చ పెగాసస్ ఎదురైతే అది అసలుది కాకపోవచ్చునని, లేదా నిబంధనకు విరుద్ధంగా రంగు మార్చినదని అనుమానించక తప్పదు.

మార్పులు చేర్పుల విషయంలో చట్టం కఠినంగానే ఉంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. చెవులు చిల్లులు పడే సైలెన్సరు, వెడల్పాటి టైర్లు, మార్చిన హ్యాండిల్ రిజిస్ట్రేషన్ బదిలీ సమయంలో అభ్యంతరాలకు దారితీయవచ్చు. పైగా అసలు భాగాలు లేని పరిమిత శ్రేణి బండికి సేకరణ విలువ నిలవదు. తీసివేసిన అసలు భాగాలు అమ్మకందారు వద్ద ఉంటే వాటిని కూడా బేరంలో చేర్చుకోవడం వివేకం. క్లాసిక్ 500 ఉత్పత్తి 2020లోనే నిలిచిపోయింది. ఇంజను భాగాలు దొరకవచ్చు గాని, ప్రత్యేక రంగు, వరుస సంఖ్య ఉన్న ట్యాంకుకు సొట్ట పడితే దానికి సాటి వచ్చే ట్యాంకు అంగడిలో దొరకదు.

'పి.వై.' సంఖ్యతో వచ్చే చిక్కు

పొరుగు రాష్ట్రాలతో పోలిస్తే పుదుచ్చేరిలో వాహన పన్ను తక్కువన్నది విదితమే. ఈ తేడాను ఆసరాగా చేసుకుని, ఇక్కడ నివాసం లేనివారు సైతం ఇక్కడి చిరునామాలతో ఖరీదైన కార్లను రిజిస్టరు చేయించుకున్న ఉదంతాలు 2017లో కేరళలో పెను సంచలనం కలిగించి, పోలీసు కేసుల వరకు వెళ్లాయి. మోటారు సైకిల్ కొనేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. పత్రంలోని చిరునామాలో అమ్మకందారు నిజంగా నివసిస్తున్నారా లేదా అన్నది విచారించాలి. చిరునామాయే బూటకమైతే, ఆ తర్వాత జరిగే ప్రతి బదిలీకీ ఆ మచ్చ వెంటాడుతుంది.

పుదుచ్చేరి బండిని ఆంధ్రప్రదేశ్‌కో, తెలంగాణకో శాశ్వతంగా తెచ్చుకోదలచినవారు ముందుగా అక్కడి రిజిస్ట్రేషన్ అధికారి నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం పొందాలి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ సంఖ్యకు దరఖాస్తు చేయాలి. కొత్త రాష్ట్రంలో బండి వయసును, ధరను బట్టి జీవితకాల పన్ను చెల్లించవలసి ఉంటుంది. మొదటి రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చు గాని, దానికి వేరుగా దరఖాస్తు చేసుకుని వేచి ఉండవలసిందే. బేరం కుదుర్చుకునే ముందు ఈ పన్నును ధరకు కలిపి లెక్క చూడనివారికి చౌక బేరం కాస్తా ప్రియమవుతుంది.

ఇక్కడ యానాం పరిస్థితి ఆసక్తికరం. బాహూరుకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి తీరంలో, చుట్టూ ఆంధ్రప్రదేశ్ భూభాగం నడుమ ఉన్నప్పటికీ యానాం పుదుచ్చేరిలో అంతర్భాగమే. బాహూరు వాసి బండిని యానాం వాసి కొంటే అది ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో జరిగే బదిలీ. అదే బండిని పక్కనే ఉన్న కాకినాడ వాసి కొంటే అది రాష్ట్రాంతర బదిలీ అయి, నిరభ్యంతర పత్రం, కొత్త పన్ను, కొత్త సంఖ్య అన్నీ అవసరమవుతాయి.

పేరు మారకపోతే ముప్పు ఇద్దరికీ

సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు, తాళం చెవి చేతిలో పెట్టి 'పేరు తర్వాత మార్చుకోండి' అనే అమ్మకాలు నేటికీ జరుగుతూనే ఉన్నాయి. ఇది అమ్మినవారికి ఎంతటి ముప్పో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు తెలియజేస్తున్నది. ఆ కేసులో ప్రమాదం జరిగేనాటికి వాహనం పలువురి చేతులు మారింది. అయినా రికార్డులో ఎవరి పేరు ఉన్నదో వారే చట్టం దృష్టిలో యజమాని అని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని న్యాయస్థానం తేల్చిచెప్పింది.

చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో బదిలీ అయితే అమ్మినవారు 14 రోజుల్లోగా, రాష్ట్రం వెలుపల అయితే 45 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా తమ పేరిట మార్పునకు దరఖాస్తు చేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 ఉద్దేశించినవి. బండిపై బ్యాంకు అప్పు ఉంటే అది తీరిపోయినట్లు ఫారం 35, బ్యాంకు నిరభ్యంతర పత్రం తప్పనిసరి. పెండింగులో ఉన్న ట్రాఫిక్ జరిమానాలను, దొంగ బండ్ల జాబితాలో ఆ ఛాసిస్ సంఖ్య ఉన్నదా లేదా అన్నదాన్ని ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల ద్వారా ఎవరైనా సరిచూసుకోవచ్చు.

వ్యాపారి ద్వారా కొనేవారికి కొంత అదనపు రక్షణ లభించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారులు రిజిస్ట్రేషన్ అధికారి నుంచి అధికార పత్రం పొందాలి. యజమాని నుంచి బండి తీసుకున్నప్పుడు ఫారం 29సి ద్వారా ఆ సంగతి నమోదు చేయాలి. వ్యాపారి మోసగిస్తే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వ్యక్తుల మధ్య నేరుగా జరిగే బేరంలో మాత్రం చూసి కొనవలసిన బాధ్యత ప్రధానంగా కొనుగోలుదారుదే. వివాదం వస్తే సివిల్ కోర్టుకు వెళ్లక తప్పదు.

వరద తాకిన బండి

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. 24 గంటల్లో అక్కడ 46 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. వెనువెంటనే సాత్తనూరు జలాశయం నుంచి వదిలిన నీటితో, తెలుగువారు దక్షిణ పినాకినిగా ఎరిగిన తెన్‌పెన్నై నది పొంగి బాహూరు ప్రాంత గ్రామాలను ముంచెత్తింది. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మునిగిన బండ్లన్నీ తుక్కు కింద పోవు. కొన్ని శుభ్రపడి, మెరుగు దిద్దుకుని మళ్లీ అంగడికి వస్తాయి.

నేకెడ్ బండి పైకి కడిగితే తళతళలాడుతుంది. వరద జాడ లోపలి మూలల్లో నిలిచిపోతుంది. సీటు కింద, హెడ్‌లైటు డొప్పలో ఒండ్రు మట్టి, తీగల కలుపుల వద్ద ఆకుపచ్చ చిలుము, స్పీడోమీటరు అద్దం లోపల తేమ, హ్యాండిల్ తిప్పుతుంటే గరగరమనే బేరింగులు ఇందుకు గుర్తులు. ఇంజను ఆయిలు పాలు కలిపినట్లు తెల్లగా కనిపిస్తే లోపలికి నీరు చేరిందని అర్థం. కార్బురేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ ఉన్న బండ్లలో నియంత్రణ పెట్టెకు తేమ తగిలితే దోషం వెంటనే బయటపడకపోవచ్చు. అందువల్ల చల్లారిన ఇంజనును తానే స్టార్టు చేసి, కనీసం అరగంట నడిపి చూసిన తర్వాతే బయానా ఇవ్వడం మంచిది.

తీరప్రాంత బండ్లకు ఉప్పు గాలి మరో శత్రువు. చక్రాల పుల్లలు రిమ్ములో దిగే చోట, సైలెన్సరు అడుగున, చట్రం వెల్డింగు అతుకుల వద్ద తుప్పును పరిశీలించాలి. ఇక 2023కు ముందు తయారైన బండ్లను 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును దృష్టిలో ఉంచుకుని రూపొందించలేదు. ఇంధన గొట్టాలు, రబ్బరు భాగాలను ఒకసారి మార్పించుకోవడం క్షేమం.

బీమాకు పట్టని అరుదుదనం

కొనుగోలుదారులు ఎక్కువగా విస్మరించే విషయం బీమా. వాహనం చోరీకి గురైనా, పూర్తిగా దెబ్బతిన్నా బీమా సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని ఐడీవీ అంటారు. తయారీదారు ధర నుంచి వయసును బట్టి తరుగు తీసివేసి దీనిని లెక్కగడతారు. రెండో ఏట 20 శాతం, మూడో ఏట 30, నాలుగో ఏట 40, అయిదో ఏట 50 శాతం చొప్పున తరుగు ఉంటుంది. అయిదేళ్లు దాటిన బండి విలువ బీమా సంస్థ, యజమాని పరస్పర అంగీకారంతో నిర్ణయమవుతుంది. అరుదుదనానికి ఈ లెక్కలో ప్రత్యేక స్థానం లేదు.

ఉదాహరణకు ఒక పరిమిత శ్రేణి బండిని మూడు లక్షలకు కొన్నారనుకుందాం. అదే నమూనా సాధారణ బండి ధరను బట్టి బీమా సంస్థ లక్షన్నరకే అంగీకరిస్తే, చోరీ జరిగిన నాడు మిగిలిన లక్షన్నరా యజమాని నష్టమే. కనుక విలువపై ముందే మాట్లాడుకుని, పాలసీలో రాయించుకోవడం అవసరం. బదిలీ జరిగిన 14 రోజుల్లోగా బీమాను కూడా తన పేరిట మార్పించుకోవాలి. కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు 1 నుంచే తప్పనిసరి అయింది. అంతకుముందే అమ్ముడైన పెగాసస్ వంటి బండ్లకు బీమా ఎప్పుడో ముగిసిపోయి ఉండే అవకాశం ఉన్నందున తేదీలు చూడకుండా రోడ్డెక్కించరాదు.

పన్నుల మార్పుతో బేరాల ఊపు

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్లపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గగా, అంతకు మించిన వాటిపై 40 శాతానికి పెరిగింది. పెద్ద ఇంజను కొత్త బండి ప్రియమైనప్పుడు అదే తరగతి పాత బండి అమ్మేవారు ధర పెంచి అడగడం సహజం. పాత వాహనాలపై వ్యాపారి లాభానికి మాత్రమే 18 శాతం జీఎస్టీ వర్తిస్తుంది. వ్యక్తి నుంచి వ్యక్తి కొంటే ఆ పన్ను ఉండదు. వ్యాపారి మొత్తం ధరపై పన్ను లెక్కగట్టి అడిగితే నిలదీయవచ్చు.

సంఖ్య పరిమితం చేయకపోయినా కాలక్రమంలో అరుదైన బండ్లు కూడా ఉన్నాయి. 1980లలో ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన రాజ్‌దూత్ 350, 1985 నుంచి 1996 వరకు వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 ఇందుకు నిదర్శనాలు. ఇంధనం ఎక్కువ తాగుతుందని నాడు జనం దూరం పెట్టిన రాజ్‌దూత్‌ను నేడు వెతుక్కుంటూ కొంటున్నారు. వాటికి విలువ తెచ్చింది ట్యాంకుపై అంకె కాదు. చెడిపోకుండా, పత్రాలతో సహా మిగిలినవి కొద్దే కావడం.

పరిమిత శ్రేణి బండికీ వర్తించే సూత్రం ఇదే. తొలి బిల్లు, సరిపోయిన ఛాసిస్ సంఖ్య, మచ్చలేని చిరునామా, తీరిన అప్పు, అమల్లో ఉన్న బీమా, సకాలంలో మారిన పేరు ఉన్న బండికి అడిగిన ధరలో అర్థం ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా, ట్యాంకుపై ఏ అంకె ఉన్నా, దానిని సాధారణ పాత బండిగానే లెక్కగట్టి బేరమాడటం, కుదరకపోతే వదులుకోవడం కొనుగోలుదారుకు శ్రేయస్కరం.